వంతెనకి ఇచ్చిన బల్లకాలు

సోమవారం

గువ్వా,

ఈ పుస్తకం నువ్వు కొన్నదే. నాలుగో తరగతి దగ్గర ఆగిపోయిన నా రాత బాగుపడాలని కొన్నావు. రోజూ నాలుగు ముక్కలు రాయమ్మా, చెయ్యి దానంతటదే తిరుగుతుంది అన్నావు. ఇన్నాళ్ళూ అట్ట కూడా తెరవలేదు. ఇవాళ తెరిచాను. దీన్ని నువ్వు తప్ప ఎవరూ చదవరు. ఒత్తులు తప్పు పోతే నవ్వకు.

దుప్పట్లు వచ్చాయి ఇస్త్రీకి, లాడ్జీ వాళ్ళవి. ఒక దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. రెండో కొస కిటికీ ఊచకి ముడేసి మడత పెట్టాను. బానే వచ్చింది.

బల్లకాలు మంచం కింద ఉంది. చూడలేదు. ఉందని తెలుసు.

అన్నం తిన్నాను.


మంగళవారం

కిటికీ దగ్గర బ్రెడ్డు పెట్టి ఉంది. ముట్టుకోలేదు.

వంతెన వైపు వెళ్ళలేదు.


గురువారం

మీ మావయ్య వచ్చాడు. ఆటో బయట పెట్టి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నుంచున్నాడు. నా తమ్ముడు అలా నుంచున్నాడంటే ఏదో అడగడానికే.

"అక్కా, ఆ కర్ర..."

"కర్ర కాదు. నా బల్లకాలు."

"సరే తల్లీ, నీ బల్లకాలే. అది గనక ఒకసారి..."

"ఇవ్వను."

"ఇంకా అడగందే!"

"అడిగాక కూడా అదే మాట."

కూర్చున్నాడు. టీ పెట్టిచ్చాను. వంతెన మీద రోజూ తిట్లేనట. సగం కూలిన వంతెన సగంగానే ఉందట, మిగిలిన సగంలో ఒక్క బండే పడుతుంది, ఎవడు ముందు వెళ్ళాలో తెలీక అందరూ ముందుకే వస్తున్నారట. అవతలి ఒడ్డున బండ్లు ఆపే అద్దాలాయన గొంతు పోయేలా అరుస్తున్నాడట. కళ్ళజోడు తీసి తుడుచుకునేలోపు నాలుగు బండ్లు దూరిపోతున్నాయట.

"కొత్తది చేసుకోండి. లోకంలో కర్రలు కరువా?" అన్నాను.

"చేసుకుంటాంలే" అని రోషంగా లేచాడు. టీ సగం వదిలేశాడు. నువ్వుంటే గడ్డం పట్టుకుని ఆ సగమూ తాగించి పంపేదానివి.

వాడు వెళ్ళాక మంచం కిందకి వంగి చూశాను. దుమ్ము పడుతుందేమోనని, అంతే. నీ ఎర్రగుడ్డ అలాగే చుట్టి ఉంది. పైకొసన ఇస్త్రీ పెట్టె కాల్చిన నల్లమచ్చ కూడా అలాగే ఉంది. బల్ల విరిగిన రోజు నేను పొయ్యిలో పెడదామంటే లాక్కున్నావు చూడు. "దీనికి వేరే ఉద్యోగం ఉందమ్మా" అన్నావు. చిరిగిన దిండు గలీబు చింపి చుట్టావు. వంతెన మొదట్లో నీ సైకిళ్ళ కొట్టుకి కస్టమర్లు రావాలంటే ముందు వంతెన కదలాలి అన్నావు. అంతకంటే పెద్ద మాటలేం చెప్పలేదు నువ్వు.


శుక్రవారం

మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. ఎంత పొడుగో, కొస కనపడటం లేదు. ఇస్త్రీ పెట్టె తోసుకుంటూ నేనూ గుడ్డ మీదే నడుస్తున్నాను. పెట్టె వెళ్ళినంత మేరా ముడతలు పోయి దారి చదునవుతోంది. కింద నీళ్ళ చప్పుడు. అప్పుడర్థమైంది అది వంతెనని. చెప్పులు చేతిలో పట్టుకుని నువ్వు చాలా దూరంలో నుంచున్నావు. "అమ్మా, ఆగు, అవతలివాళ్ళు రావాలి" అన్నావు. పెట్టె గాల్లో పట్టుకుని ఆగాను. ఎంతసేపు ఆగానో. పొగమంచులోంచి మనుషులు వస్తూనే ఉన్నారు, నన్ను రాసుకుంటూ, పలకరించకుండా. చెయ్యి నొప్పి పుట్టలేదు. గుడ్డ కాలలేదు.

లేచేసరికి ఎవరిదో చొక్కా కాలరు మాడింది. కొత్త కాలరు వేసివ్వాలి.

కళ్ళల్లో నీళ్ళు ఆవిరి వల్ల.


శనివారం

బ్రెడ్డు. మళ్ళీ.

తిన్నాను, అన్నం.


ఆదివారం

మీ మావయ్య పెదవి వాచింది. చొక్కా జేబు ఊడి వేలాడుతోంది. నేను అడక్కముందే కూర్చుని, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

మాట మీద నిలబడి కొత్త కర్ర చేశారట. అచ్చం నీదానిలాగే ఎర్రగుడ్డ చుట్టి మరీ చేశారట. అయితే అవతలి ఒడ్డున అద్దాలాయన కూడా అదే రోజు, అదే మంచిబుద్ధితో, ఇంకో కర్ర చేశాడట. వాళ్ళు చేశారని వీళ్ళకి తెలీదు, వీళ్ళు చేశారని వాళ్ళకి తెలీదు. పొద్దున్నే ఇద్దరి దగ్గరా కర్రలు. ఇద్దరికీ హక్కే. రెండువైపుల నుంచీ ధీమాగా బయల్దేరి, వంతెన నడుమ లేచిన గూని మీద ముక్కూ ముక్కూ ఆనించారు.

నవ్వొచ్చింది నాకు. ఎన్నాళ్ళకో. వాడు నవ్వలేదు.

"వెనక్కి వెళ్ళడానికి లేదక్కా, వెనక అన్నీ వచ్చేశాయి. నా కర్ర అసలుదంటే నా కర్ర అసలుదని కొట్టుకున్నారు. మధ్యలో ఒక ముసలామె, ఊపిరాడట్లేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. ఆటో కదలదు. కుర్చీలో కూర్చోబెట్టి బండ్ల మీంచి చేతులు మార్చుకుంటూ దాటించాం. కుర్చీ మోస్తున్నప్పుడు మాత్రం ఎవరూ తిట్టుకోలేదు. ఆమెను దింపి వచ్చి మళ్ళీ మొదలెట్టారు."

"ఆమె ఎలా ఉంది?"

"బతికింది."

పెదవికి గుడ్డ తడిపి ఇచ్చాను. అద్దుకుంటూ అన్నాడు, "వాళ్ళది చూసి మేం ఆగం. మాది చూసి వాళ్ళు ఆగరు. గువ్వది ఒక్కటే అక్కా, ఇద్దరిదీ."

మంచం మీద కూర్చుని ఉన్నాను, కాళ్ళు కిందకి వేలాడేసి. మడమకి అది తగులుతోంది.


సోమవారం

ఇవాళ ఒక ఆఫీసాయన వచ్చాడు. వంతెనలు చూసే ఆఫీసు. చిన్నవాడే, నీకంటే కాస్త పెద్ద ఉంటాడేమో. చెమట పట్టి వీపుకి చొక్కా అతుక్కుపోయింది, అది చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా కూడా. ఎవరు చేశారో కానీ, కాలరు చూస్తే చేతనైన చెయ్యే. మంచినీళ్ళు ఇచ్చాను.

నిన్నటి గొడవ మీద రిపోర్టు రాయాలట. ముందసలు ఈ కర్ర వ్యవహారం ఏమిటో చెప్పమన్నాడు. చెప్పాను. వంతెన నడుమ గూనిలా లేచి ఉంటుంది బాబూ, ఈ కొస నుంచి ఆ కొస కనపడదు. అందుకని బల్లకాలు ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డువాళ్ళే కదలాలి. వరస పక్కన పెట్టిన నీలం డ్రమ్ము దాకా నుంచున్నవాళ్ళంతా ఒక జట్టు. డ్రమ్ము పక్కన ఎవరుంటే వాళ్ళు ఆఖరు. వాళ్ళ చేతికి మా అమ్మాయి బల్లకాలు ఇస్తుంది. వాళ్ళు తీసుకెళ్ళి అవతల అద్దాలాయనకి ఇస్తారు. ఇక అటువాళ్ళ వంతు. వాళ్ళలో ఆఖరువాడు దాన్ని మళ్ళీ ఇటు తెస్తాడు. అంతే.

"బల్లకాలు చేతిలో లేకుండా ఎవరైనా వెళ్తానంటే?"

"ఆగమనేది."

"ఆగకపోతే ఏం చేసేది?"

"ఏం చేస్తుంది? చూసేది."

ఆయన రాయడం ఆపాడు. అడిగాడు, కోపంగా కాదు, "బండ్లు ఆపే అధికారం ఆ అమ్మాయికి ఎవరిచ్చారమ్మా?"

"నేను" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. "బల్ల నాదేగా."

నవ్వు ఆపుకున్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. "మీకెవరిచ్చారు బాబూ?"

"మా పైవాళ్ళు."

"వాళ్ళకి?"

"వాళ్ళ పైవాళ్ళు."

"ఆ పైన?"

చేతిలో పెన్ను గాల్లో తిప్పి తిప్పి నా వైపు చూపించాడు. "తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తుందమ్మా. మీరేగా ఓటేసింది."

"లైట్లు పెడతారని వేశాను."

ఈసారి ఇద్దరం నవ్వాం. లైట్లు వస్తాయట, కాగితం కదిలిందట, టైము పడుతుందట. అప్పటిదాకా ఆ బల్లకాలు తనకిస్తే ఆఫీసు ముద్ర వేయించి పంపుతానన్నాడు. ముద్ర ఎప్పుడో పడింది, ఇస్త్రీ పెట్టె వేసింది అన్నాను. ఇవ్వనన్నాను.

గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ముద్ర వేసినా లాభం ఉండదులెండి. ఆగేవాళ్ళు ఉంటేనే నా ముద్రకి విలువ. నేను బండి దిగి అరిచాను నిన్న. ఒక్కడు తల తిప్పలేదు." అప్పుడు చూశాను, ఆయన మోచేతికీ దెబ్బ తగిలి ఉంది.


మంగళవారం

దుప్పట్లు. రెండో కొస ఊచకి కట్టాను.

ఎవరిచ్చారు, ఎవరిచ్చారు అని పెట్టె అంటోంది ముందుకీ వెనక్కీ. నాకలా వినపడుతోంది.


బుధవారం

ఉండబట్టలేక మీ మావయ్యని అడిగాను. "ఒరేయ్, అది చెయ్యెత్తితే నువ్వెందుకు ఆగేవాడివి? నీ కళ్ళ ముందు పుట్టిన పిల్ల. జడ లాగి ఏడిపించేవాడివి."

"మొదట్లో ఆగేవాణ్ణి కాదు" అన్నాడు. "నీకు గుర్తులేదా పెళ్ళివారి బట్టల రోజు?"

గుర్తు లేకేం. పెళ్ళివారి బట్టలన్నీ ఇస్త్రీ చేసి, నలగకుండా ఒళ్ళో పెట్టుకుని, వాడి ఆటోలో బయల్దేరాను. అవతల ముహూర్తానికి తయారవ్వాలి వాళ్ళు. వంతెన దగ్గర నువ్వు చెయ్యెత్తావు. బల్లకాలు అటు ఉందన్నావు. ఒక్క ఆటోనే కదే, మీ అమ్మే కదే, పంపవే అన్నాడు వీడు. నువ్వు నా మొహం చూశావు. నేనూ చూశాను నీ వైపు, పంపుతావనే. "అమ్మయినా వంతే" అన్నావు. ఎండలో, అందరి ముందూ. అవతల నుంచి బండ్లు ఒక్కొక్కటే గూని దిగి వచ్చేదాకా ఒళ్ళో బట్టలు పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం నీతో మాట్లాడలేదు. నువ్వేమో ఏమీ పట్టనట్టు రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నావు.

"మా వెనక ఒక లారీవాడు, అదే పనిగా హారన్ కొడుతున్నాడు" అన్నాడు మీ మావయ్య. "నిన్ను ఆపడం చూసి ఇంజన్ ఆపేశాడు. దిగి బీడీ ముట్టించాడు. కన్నతల్లినే ఆపింది, ఇక మనమెంత అన్నాడు. ఆ రోజు నుంచే అక్కా. అంతకుముందు అది ఉత్త బల్లకాలే."

ఇది ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు.


గురువారం

బ్రెడ్డు.

రాయనని అనుకున్నాను. రాస్తాను.

తెల్లవారుజామున ఇటు ఒడ్డున ఒక్క బండీ లేదు. అటు ఒడ్డున జనం ఉన్నారు. బల్లకాలు నీ దగ్గర. తీసుకెళ్ళేవాళ్ళు లేక నువ్వే నడిచి ఇద్దామని బయల్దేరావు. బల్లకాలు నీ చేతిలో ఉంది గువ్వా. వంతెన నీది. అటునుంచి బ్రెడ్డు బండి అతను, ఈ వేళప్పుడు ఎదురు ఎవరొస్తారు, నేనొక్కణ్ణే కదా అనుకుని, అద్దాలాయన వద్దంటున్నా వచ్చేశాడు. పొగమంచు. గూని ఎక్కేదాకా అటుది ఇటు కనపడదు.

నిన్ను తెచ్చారు. దాన్నీ తెచ్చి నా గోడకి ఆనించారు. దానికి గీత కూడా పడలేదు.

అతన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. కేసు నడుస్తోంది, వాయిదాలు. బెయిలు మీద వచ్చాడు. వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. నేను అతని ఇంటికి రాళ్ళు పట్టుకుని వెళ్ళకపోవడానికి అది ఒక్కటే కారణం, వాళ్ళు చేస్తారని. ఆ పనీ నా మీదే పడి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. అతను రోజూ కిటికీలో బ్రెడ్డు పెట్టి వెళ్తాడు. తలుపు కొట్టడు. నేను ఎదురింటి కోళ్ళకి వేస్తాను. అతను మొదటి బ్రెడ్డు పెట్టిన రోజు నుంచీ నాకు అన్నం దిగట్లేదు. తిన్నానని రాశాను కదూ. తినలేదు.


శుక్రవారం

నువ్వొచ్చావు. కునుకులో కాదు, బట్ట మడత పెడుతుంటే. రెండో కొస నువ్వు పట్టుకున్నావు, ఊచ కాదు. మడిచి మడిచి దగ్గరికొచ్చావు, కొసలు నా చేతిలో పెట్టి మళ్ళీ వెనక్కి వెళ్ళావు, కింది మడత అందుకోడానికి. అలా వస్తూ పోతూ, వస్తూ పోతూ.

"నా దగ్గరే ఉంచుకుంటే నీ తాలూకు ఒక్కటైనా ఉంటుంది కదే" అన్నాను.

నువ్వు దుప్పటి కొస ఇచ్చి వెళ్ళావు.


శనివారం

వెళ్ళాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే బల్లకాలు చంకలో పెట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా దాన్ని కొంగుతో కప్పుకున్నాను, ఎందుకో సిగ్గేసి. వంతెన మొదట్లో జనం. పొగ, హారన్లు, ఎవరో ఎవరి అమ్మనో తిడుతున్నారు. నీ కొట్టు షట్టరు మూసి ఉంది. దాని ముందు నువ్వు నుంచునే చోట నుంచుని, కొంగు తీసి, చెయ్యెత్తాను.

ఏమీ అవలేదు. ఒక మోటారు సైకిలు అబ్బాయి "నేనొక్కణ్ణే అత్తా" అంటూ పక్క నుంచి దూరిపోయాడు. నువ్వు చేసేదే చేశాను. చూశాను. మధ్య దాకా వెళ్ళి, ఏమనిపించిందో, బండి తోసుకుంటూ వెనక్కి వచ్చాడు.

అప్పుడు మీ మావయ్య ఆటో. నన్ను చూసి నోరెళ్ళబెట్టి, వెంటనే తేరుకుని, "అక్కా, నన్ను పంపు, మిగతావాళ్ళ సంగతి తర్వాత" అన్నాడు చిన్నగా, కన్ను గీటి. "అద్దాలాయన అటువాళ్ళని ఆపాడో లేదో తెలీదు. తమ్ముడైనా వంతే" అన్నాను. కావాలని గట్టిగా అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఎవరో "గువ్వ వాళ్ళమ్మ" అన్నారు. ఆ మాట వరసలో వెనక్కి వెనక్కి పాకింది. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. నది చప్పుడు వినపడింది.

ఒకాయన నడిచి అవతలికి వెళ్ళి అద్దాలాయనకి చెప్పొచ్చాడు. బల్లకాలు వచ్చిందట అంటే ఆయన తను చేసిన కర్రని నదిలోకి గిరాటేశాడట. మావాళ్ళూ తమది గిరాటేశారు.

జట్టు కదిలింది. మీ మావయ్య, కూరగాయల బండి, స్కూలు వ్యాను, ఇద్దరు సైకిళ్ళవాళ్ళు. అన్నీ వెళ్ళాయి. నీలం డ్రమ్ము పక్కన ఆఖరు బండి.

బ్రెడ్డు బండి.

అతను స్టీరింగు మీద తల వంచి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాను. సన్నగా ఉన్నాడు, నేననుకున్నంత పెద్దవాడు కాదు. తలెత్తకుండానే అన్నాడు, "అమ్మా, వెనకాయనకి ఇవ్వండి. నేను తర్వాత వెళ్తాను. నా చేతికి వద్దు."

వెనక ఉన్న ట్రాక్టరు ఆయన చెయ్యి చాపాడు. "ఇటివ్వమ్మా, నేను పట్టుకెళ్తా" అన్నాడు. జాలిగానే అన్నాడు. ఎవరో "వాడికిస్తావా, వాడి చేతికా!" అని అరిచారు. అందరూ నావైపే చూస్తున్నారు. ఎవరూ హారన్ కొట్టలేదు.

ఎర్రగుడ్డ మీద నీ చేతి మాపు ఉంది గువ్వా, నువ్వు పట్టుకునే చోట. ఆ చోటే పట్టుకుని నుంచున్నాను. ఇవ్వకపోతే ఎవరూ తప్పు పట్టరు. తల్లి కదా అంటారు. రేపు ఇంకొకరు, నాకూ కారణం ఉంది అంటారు. వాళ్ళకీ నిజంగానే ఉంటుంది. ఒళ్ళో పెళ్ళిబట్టలు పెట్టుకుని నేను కూర్చోలేదూ. అప్పుడిది మళ్ళీ ఉత్త బల్లకాలు.

"డ్రమ్ము దగ్గర ఎవరున్నారు?" అని అడిగాను.

అతను అద్దంలో వెనకున్న ట్రాక్టరు వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను."

"నేనేనమ్మా."

"అయితే పట్టుకో."

రెండు చేతులూ చాపాడు. పిండి అంటిన చేతులు. పెట్టాను.

"తీసుకెళ్ళి అద్దాలాయన చేతిలో పెట్టు. మధ్యలో ఎవరికీ ఇవ్వకు."

"అలాగేనమ్మా."

బండి గూని ఎక్కింది, దిగింది, కనపడలేదు. నా చేతులు ఖాళీ. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ట్రాక్టరు ఆయన దిగి వచ్చి నీ కొట్టు మెట్టు మీద దుమ్ము దులిపి "కూర్చో అమ్మా" అన్నాడు. కూర్చోలేదు. గూని వైపే చూశాను. అక్కడ ఎండకి ఆవిరి లేస్తోంది, తడిబట్ట మీద పెట్టె పెట్టినట్టు. అందులోంచి ఎవరు వస్తారో అని చూశాను. ఎవరు రావాలనుకున్నానో రాయను.

అటువాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరే గూని దిగి, తొందర లేకుండా. కొందరు నన్ను చూసి తల వంచారు. ఆఖరున ఒక ముసలాయన, పాత స్కూటరు, ముందర బల్లకాలు అడ్డంగా పెట్టుకుని పసిపిల్లని కూర్చోబెట్టుకున్నట్టు తెచ్చాడు. "ఇదిగో, ఇది నీకివ్వమన్నారు" అన్నాడు.

ఎర్రగుడ్డ వెచ్చగా ఉంది. నీ మాపు పక్కన తెల్లగా పిండి వేళ్ళు పడ్డాయి, అతనివి. దులపలేదు.

మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ వచ్చింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లో.


ఆదివారం

ఆఫీసాయన వచ్చి చూసిపోయాడు. లైట్లు వచ్చేదాకా ఇలాగే కానివ్వండి అని రాసుకున్నాడు. ఆయన బండినీ ఆపాను. నవ్వుతూనే ఆగాడు. ఇకనుంచి పొద్దున నేను, మధ్యాహ్నం ట్రాక్టరు ఆయన భార్య. ఇస్త్రీ సాయంత్రాలు చేసుకుంటాను. బల్లకాలు రాత్రిపూట ఏ ఒడ్డున ఆగిపోతే ఆ ఒడ్డునే ఉంటుంది. నిన్న అద్దాలాయన ఇంట్లో పడుకుంది. మంచం కింద ఖాళీగా ఉంది. నిద్ర పట్టింది.

పొద్దున కిటికీలో బ్రెడ్డు ఉంది. కోళ్ళకి సగం వేశాను.

మిగతా సగం తిన్నాను గువ్వా. ఈసారి నిజంగానే. ఆ పైన వేడిగా అన్నం కూడా పెట్టుకున్నాను.

నువ్వూ తిను. వేళకి తిను, కడుపునిండా తిను.